కెమెరాకి రోజూ వాడే బ్యాగు ఎలా ఎంచుకోవాలి: ఓరుగల్లు ఎండకీ, దుమ్ముకీ, బండి ప్రయాణానికీ తట్టుకునేలా

కెమెరా కొనేటప్పుడు నెల రోజులు వీడియోలు చూస్తాం, నలుగురిని అడుగుతాం, ధరలు పోల్చుకుంటాం. బ్యాగు దగ్గరికొచ్చేసరికి మాత్రం కెమెరాతో పాటు ఫ్రీగా వచ్చిందే భుజాన వేసుకుని తిరుగుతాం. లక్ష రూపాయల సామాను ఒక పల్చటి గుడ్డని, ఒకే ఒక్క ప్లాస్టిక్ బకిల్‌ని నమ్ముకుని హన్మకొండ నుంచి ములుగు దాకా బండి మీద పోతుంటుంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇందులో చాలా నష్టాలు ముందే ఆపగలిగేవి.

బ్యాగు గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. మీ కెమెరా ఏ కంపెనీదో తర్వాత, అది రోజూ ఏ దారిన, ఎలా వెళ్తుందో ముందు చూడండి. ఇంటర్నెట్‌లో దొరికే బ్యాగుల సలహాలు ఎక్కువగా చల్లటి ఊళ్లలో, మెట్రోలో తిరిగేవాళ్లు రాసినవి. మనకి మే నెలలో 44, 45 డిగ్రీలు, జూలైలో ఆగకుండా వానలు, మిగతా రోజులు దుమ్ము. మన లెక్క వేరు.

మొదటి పని: మీ దారి రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, వారంలో కెమెరా ఎక్కడెక్కడికి వెళ్తుందో, దేని మీద వెళ్తుందో రాయండి. బండి మీద వెళ్లేవాళ్లకి భయపడాల్సింది కుదుపు, పడిపోవడం, వాన. ఆర్టీసీ బస్సులో వెళ్లేవాళ్లకి తొక్కిసలాట, పై రాక్ మీంచి బ్యాగు జారిపడటం. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లొచ్చేవాళ్లకి దొంగతనం. కారున్నవాళ్లకి ఎండలో ఆపిన కారులోని వేడి. పెళ్లిళ్లు తీసేవాళ్లకైతే ఇవన్నీ ఒక్క రోజులోనే ఎదురవుతాయి, పైగా హల్దీలో పసుపు, బరాత్‌లో రంగు కాగితాలు, పొగ.

రాశాక అందులో ఎక్కువసార్లు వచ్చేదాన్ని గుండ్రంగా చుట్టండి. ఆ ఒక్కదానికే బ్యాగు కొనండి. ఏడాదికోసారి వెళ్లే టూరు కోసం ముప్పై లీటర్ల బ్యాగు కొంటే, దాని బరువు చూసి మిగతా రోజుల్లో కెమెరా ఇంట్లోనే వదిలేసి పోతారు.

రెండో పని: సామాను కొలవండి, తూకం వేయండి

టేపు, వంటింటి కాటా చాలు. లీటర్ల అంకె మాత్రమే చూసి కొనకండి. పెట్టె మీద రాసేది తరచూ బయటి కొలత, లోపల ఫోమ్ పక్కకో సెంటీమీటరు, ఒకటిన్నర తినేస్తుంది. లెన్స్ హుడ్ (లెన్స్ ముందు ఎండ పడకుండా తగిలించే గొట్టం) తిరగేసి పెట్టి, బాడీకి తగిలించి, పొడవు కొలవండి. దూరం నుంచి తీయడానికి వాడే 70-200 ఎఫ్/2.8 లాంటి పాత తరహా లెన్స్ ఒక్కటే 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బాడీతో కలిపితే 27 దాటుతుంది. లోపలి పొడవు 30 లేని బ్యాగులో అది ఎప్పుడూ విడదీసే పెట్టాలి. పెళ్లి మండపంలో అలా ప్రతిసారీ విప్పడం, బిగించడం అంటే సెన్సర్ మీదకి దుమ్ముని పిలిచినట్టే.

బరువుకి ఒక ఉదాహరణ. కెనాన్ ఆర్50 బాడీ బ్యాటరీతో 375 గ్రాములు, దానితో వచ్చే 18-45 లెన్స్ 130. మొత్తం అర కిలో. దీనికి చిన్న స్లింగ్ (ఒకే పట్టీతో అడ్డంగా వేసుకునే బ్యాగు) చాలు, నాలుగైదు లీటర్లది. అదే సోనీ ఏ7 ఫోర్ 658 గ్రాములు, 24-70 జీమాస్టర్ రెండో వెర్షన్ 695. అక్కడికే కిలో మూడు వందల యాభై. ఫ్లాష్, ఇంకో లెన్స్, బ్యాటరీలు, చార్జరు, నీళ్ల సీసా కలిపితే మూడు కిలోలకి తక్కువ ఉండదు. ఇక చాలా కెమెరా బ్యాక్‌ప్యాకులు ఖాళీగానే కిలోన్నర, రెండు కిలోలు తూగుతాయి. నా లెక్కలో సామాను రెండు కిలోల లోపు ఉంటే ఒక భుజం, దాటితే రెండు భుజాలు. వయసులో ఉన్నప్పుడు తెలియదు కానీ, రోజూ ఒకే భుజాన మూడు కిలోలు మోసిన ఫొటోగ్రాఫర్ల మెడ ఏమంటుందో వాళ్లనే అడగండి.

కొలతలకి పైన ఇంకో పావు వంతు ఖాళీ ఉంచుకోండి, అంతకంటే వద్దు. ఖాళీ ఎక్కువైతే సామాను లోపల దొర్లుతుంది.

మూడో పని: బ్యాగు రకం తేల్చుకోండి

స్లింగ్‌ని వెనక నుంచి ముందుకి తిప్పితే ఛాతీ మీదే తెరుచుకుంటుంది. లక్నవరం వేలాడే వంతెన మీద జనం నడుస్తుంటే వంతెన ఊగుతూనే ఉంటుంది, అక్కడ బ్యాగు కింద పెట్టి లెన్స్ మార్చడానికి కుదరదు. అలాంటి చోట స్లింగే మేలు. కొనేటప్పుడు ఒకటి గమనించండి: మూత ఎటు వైపు తెరుచుకుంటుందో. మీ ఒంటికి దూరంగా, బయటి వైపుకి తెరుచుకుంటే మీ చెయ్యి నేరుగా లోపలికి పోతుంది. మీ వైపుకే లేస్తే ప్రతిసారీ మూత అడ్డొస్తుంది. దుకాణంలో ఖాళీ బ్యాగుతో ఈ తేడా తెలియదు, మీ కెమెరా తీసుకెళ్లి పెట్టి తీసి చూడాలి.

బ్యాక్‌ప్యాక్ బరువుకి మంచిది. కొనేట్లయితే వీపు వైపు నుంచి జిప్పు తెరుచుకునేది చూడండి. భుజాన ఉన్నంతసేపూ వెనక నుంచి ఎవరూ తెరవలేరు, కింద పడుకోబెట్టినప్పుడు బురద అంటేది బయటి వైపుకి, మళ్లీ మీ చొక్కాకి అంటదు.

ఇక నేను ఎక్కువమందికి చెప్పేది మూడో దారి: మామూలు బ్యాగులో కెమెరా ఇన్సర్ట్. ఇన్సర్ట్ అంటే అరలున్న మెత్తటి పెట్టె, పైన జిప్పుతోనో తాడుతోనో మూసుకుంటుంది. వెయ్యి, పదిహేను వందల్లో పనికొచ్చేవి ఉన్నాయి, టెన్బా లాంటి కంపెనీలవి ఇంకా ఖరీదు. దాన్ని మీ పాత కాలేజీ బ్యాగులో, ఆఫీసు బ్యాగులో దించేయండి. బయటికి చూస్తే లంచ్ బాక్సు మోసుకెళ్తున్నట్టే ఉంటుంది. బస్టాండులో, స్టేషన్లో, జాతరలో దానికి మించిన రక్షణ లేదు. పెద్ద అక్షరాలతో కెమెరా కంపెనీ పేరున్న బ్యాగు లోపల ఏముందో ఊరంతా చెబుతుంది. అలాంటిదే ఇప్పటికే ఉంటే, ఆ పేరు మీద ముదురు రంగు గుడ్డ ముక్క కుట్టించేయండి.

ఇన్సర్ట్ కొనడం ఇష్టం లేకపోతే కుట్టించుకోవచ్చు. బ్యాగులు రిపేరు చేసేవాళ్లు ఏ చౌరస్తా దగ్గరైనా దొరుకుతారు. సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర గట్టి ఫోమ్ షీటు, ఒక సెంటీమీటరు మందానిది తీసుకుని, మీ కొలతలు కాగితం మీద గీసి ఇవ్వండి. లోపల మెత్తటి గుడ్డ, అరలకి వెల్‌క్రో. మెత్తటి పసుపు స్పాంజి మాత్రం వాడొద్దని గట్టిగా చెప్పండి, అది కొన్నాళ్లకి పొడి పొడిగా రాలుతుంది. ఆ పొడి లెన్స్ వెనక చేరితే మళ్లీ సర్వీస్ సెంటరుకి పోవాల్సిందే.

నాలుగో పని: దుకాణంలో చేత్తో పరీక్షించండి

ఇక్కడ తొందరపడకండి. దుకాణంలో అబ్బాయి "అన్నా, ఇది వాటర్‌ప్రూఫ్, బకెట్ నీళ్లు పోసినా ఏం కాదు" అంటాడు. అతని మీద కోపం అక్కర్లేదు, అతనికి అలాగే చెప్పి ఉంటారు. కానీ గుడ్డ నీళ్లు ఆపుతుందేమో గానీ, కుట్టు రంధ్రాలూ జిప్పూ ఆపవు. కుట్లకి లోపల టేపు వేసి అతికించకపోతే అది వాటర్‌ప్రూఫ్ కాదు, చిరుజల్లుకి మాత్రమే ఆగుతుంది.

గుడ్డ దగ్గర డెనియర్ అని ఒక అంకె చెబుతారు, 500డి, 840డి, 1680డి అని. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటుందో అదే డెనియర్. అంకె పెరిగితే దారం లావు. రోజువారీ వాడకానికి 500 నుంచి 1000 మధ్య నైలాన్ సరిపోతుంది. అదే అంకెకి పాలిస్టర్ కంటే నైలాన్ రాపిడికి ఎక్కువ ఆగుతుంది. కాబట్టి అంకె ఒక్కటే అడక్కుండా ఏ గుడ్డో అడగండి.

తర్వాత బ్యాగుని లోపలికి తిప్పి చూడండి. గుడ్డ వెనక సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. మన వేడికీ, వానాకాలం తేమకీ కొన్నేళ్లలో అది జిగురుగా మారి పొలుసులు రాలుతుంది. ఏళ్ల తరబడి షాపులో పడున్న స్టాకయితే కొనేనాటికే మొదలై ఉంటుంది. వేలితో రుద్ది చూడండి, అంటుకుంటే పక్కన పెట్టేయండి, ఎంత తగ్గించి ఇస్తామన్నా సరే.

ఫోమ్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. వేలికి అవతలి వైపు గట్టి నేల తగిలినట్టుంటే ఆ ఫోమ్ పనికిరాదు. నెమ్మదిగా దిగి, వెంటనే పైకి రావాలి. గోడల కంటే అడుగు ముఖ్యం, బ్యాగుని రోజుకి ఇరవైసార్లు కింద పెడతాం. చాలా చవక బ్యాగుల్లో చుట్టూ ఫోమ్ బాగానే ఉండి అడుగున మాత్రం ఒక అట్ట ముక్క ఉంటుంది, దాన్ని చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది.

జిప్పు రన్నర్‌ని మూలల దగ్గర తిప్పండి. ఒంటి చేత్తో మూల తిరగాలి. రన్నర్ మీద కంపెనీ పేరు ఉంటే మంచిదే, వైకేకే లాంటిది అయితే ఇంకా మంచిది, కానీ పేరు కంటే ముందు పళ్ల వెడల్పు చూడండి. ప్రధాన జిప్పు సన్నగా, బట్టల జిప్పులా ఉంటే మీ సామాను బరువుకి ఆగదు. పట్టీ బ్యాగుకి కలిసే చోట కుట్టు చూడండి. ఒకే గీతలా ఉందా, లేక చతురస్రం వేసి మధ్యలో అడ్డంగా కుట్టారా? రెండోది ఉంటేనే తీసుకోండి. మిగతావి నచ్చి ఇది ఒక్కటే లోపమైతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర నైలాన్ దారంతో మళ్లీ కుట్టించుకోవచ్చు.

ఐదో పని: బండి మీద ఎలా తీసుకెళ్లాలో నేర్చుకోండి

మన దగ్గర కెమెరాలు ఎక్కువగా తిరిగేది టూవీలర్ల మీదే. అందుకే దీని గురించి కొంచెం వివరంగా.

బ్యాగుని క్యారియర్‌కి కట్టకండి, పెట్రోల్ ట్యాంకు మీద పెట్టకండి, స్కూటీ కాళ్ల దగ్గర పెట్టకండి, ముందు కొక్కేనికి అసలే తగిలించకండి. ఇంజిను వణుకు, గుంతల దెబ్బ నేరుగా సామానుకి తగులుతాయి. ఆపిల్ కంపెనీ 2021లో మోటార్‌సైకిల్ ఇంజిన్ల కంపనానికి ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు), ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని హెచ్చరించింది. స్టెబిలైజేషన్ ఉన్న లెన్సులు, సెన్సర్ కదిలే బాడీలు మన దగ్గరా ఉన్నాయి కదా. బ్యాగు ఒంటి మీద ఉంటే ఆ కుదుపు చాలా వరకు మన శరీరమే తీసుకుంటుంది.

వీపు మీద వేసుకుంటే ఛాతీ పట్టీ తప్పకుండా బిగించండి. స్లింగ్ అయితే పక్కకి జారకుండా అడుగున ఇంకో సన్న పట్టీ ఉండాలి, లేకపోతే బ్రేకు వేసిన ప్రతిసారీ బ్యాగు ముందుకొచ్చి హ్యాండిల్ మీద పడుతుంది. ఇంకొక మాట, ఇది కెమెరా కోసం కాదు, మీ కోసం: ట్రైపాడ్, మోనోపాడ్ లాంటి గట్టి కడ్డీలని బ్యాగులో వెన్నెముక వెంబడి నిలువుగా పెట్టకండి. జారి వెనక్కి పడితే ఆ దెబ్బ వీపుకే. వాటిని బయటి వైపు పక్కకి కట్టండి.

ఇద్దరు వెళ్తుంటే వెనక కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకుని, పట్టీ మెడలో కాకుండా భుజం మీంచి అడ్డంగా వేసుకోవాలి. డిక్కీలో పెట్టడం సౌకర్యంగా అనిపిస్తుంది కానీ, సీటు కింద ఇంజిను వేడి ఎంత చేరుతుందో ఒకసారి అరగంట నడిపాక చెయ్యి పెట్టి చూడండి.

ఆరో పని: ఎండ, వాన, దుమ్ము

కెనాన్, నికాన్, సోనీ ఎవరి మాన్యువల్ తీసినా చాలా కెమెరాలకి పనిచేసే వేడి 40 డిగ్రీల వరకే అని రాసుంటుంది. మన మే నెల నీడలోనే దాన్ని దాటుతుంది. ఎండలో అద్దాలు ఎక్కించి ఆపిన కారులో 60 దాటడం మామూలే. నల్ల బ్యాగు అందంగా ఉంటుంది కానీ ఎండని పీల్చుకుంటుంది. బూడిద రంగు, ఖాకీ తీసుకోండి, దుమ్ము కూడా కనబడదు. కారులో వదలక తప్పకపోతే సీటు మీద కాదు, కాళ్ల దగ్గర నేల మీద, పైన తెల్ల తువ్వాలు కప్పి, బ్యాటరీలు మాత్రం వెంట తీసుకెళ్లండి.

వానకి బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్ సగమే పని చేస్తుంది. వీపు వైపు తెరిచే ఉంటుంది కాబట్టి మీ ఒంటి మీంచి కారిన నీళ్లు అటు నుంచి లోపలికి పోతాయి. బండి మీదైతే గాలికి కవరు ఉబ్బి ఎగిరిపోతుంది కూడా. అందుకే లోపల రెండో రక్షణ ఉంచండి: ఇన్సర్ట్ మొత్తం పట్టేంత మందమైన ప్లాస్టిక్ సంచి ఒకటి మడిచి అడుగున పెట్టుకోండి, వాన మొదలవగానే అందులో దించి మూతి మెలితిప్పి కట్టేయండి. బొగత జలపాతం దగ్గర తుంపర్లలో నిలబడేవాళ్లకీ ఇదే.

దుమ్ము అన్ని చోట్లా ఒకటి కాదు. మిర్చి సీజన్లో ఏనుమాముల మార్కెట్ యార్డుకి వెళ్తే గాలిలోనే కారం ఉంటుంది, అది జిప్పు పళ్లలో, వెల్‌క్రోలో ఇరుక్కుంటుంది. మర్నాడు ఆ బ్యాగులో పెట్టిన చేత్తోనే కళ్లు తుడుచుకుంటే తెలుస్తుంది. గోదావరిఖని వైపు బొగ్గు పొడి, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి. మేడారం జాతరలో జనం నడకకే దుమ్ము లేచి కమ్మేస్తుంది. ఇలాంటి చోట్ల మూతకి వెల్‌క్రో ఉన్న బ్యాగు కంటే జిప్పు మీద గుడ్డ అంచు కప్పి ఉన్నది మంచిది. అక్కడికి చేరకముందే లెన్స్ తగిలించుకుని, తిరిగొచ్చేదాకా మార్చకుండా ఉండగలిగితే అన్నిటికంటే మంచిది.

ఏడో పని: జనంలో, గుళ్ల దగ్గర

రద్దీలో బ్యాగు ముందు వైపు వేసుకోండి, రెండు రన్నర్లని చిన్న కొక్కెంతో కలిపి తగిలించండి. తాళమే వేయాలని లేదు, తీయడానికి రెండు చేతులు పట్టేలా ఉంటే చాలు. కాయిల్ జిప్పుని (పళ్లు నైలాన్ చుట్టలా ఉండేది) బాల్‌పెన్ను మొనతో కూడా చీల్చవచ్చు, కాబట్టి తాళం ఉందని ధీమాగా పై రాక్‌లో వదలొద్దు. రైలులో రాత్రి ప్రయాణమైతే పట్టీని చేతికో కాలికో చుట్టుకుని, బ్యాగుని తల కింద పెట్టుకోవడమే. తీసిన మెమరీ కార్డులు మాత్రం ఆ బ్యాగులో ఉంచకండి, చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. పోయిన కెమెరా మళ్లీ కొనుక్కోవచ్చు, ఎవరిదో పెళ్లి మళ్లీ తీయలేం. బిల్లు, బాడీ మీదా లెన్స్ మీదా ఉన్న సీరియల్ నంబర్లు ఇప్పుడే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, పోలీసు ఫిర్యాదుకీ బీమాకీ అవే అడుగుతారు.

గుళ్ల దగ్గర కోతులుంటాయి. కొబ్బరి చిప్ప, అరటిపండు, ప్రసాదం ఏదీ కెమెరా బ్యాగులో, దాని పక్క జేబులో కూడా పెట్టకండి. అవి తినేది ఉన్నదనుకున్న బ్యాగుని వదలవు. ఇంకో విషయం, ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి, రామప్ప ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నవి, ట్రైపాడ్ పెట్టి తీయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని రోజు ట్రైపాడ్ కట్టిన పెద్ద బ్యాగుతో వెళ్లి గేటు దగ్గర వాదన పెట్టుకునే బదులు చిన్న స్లింగ్‌తో వెళ్లండి. బ్యాగు బయట వదిలి వెళ్లమనే గుళ్లు కూడా చాలానే ఉన్నాయి, ఆ రోజు చిన్నదాన్ని మీవాళ్లెవరైనా పట్టుకుని కూర్చోవచ్చు.

ఎనిమిదో పని: లోపల సర్దుకోవడం, ఇంటికొచ్చాక తీసేయడం

బరువైనది వీపుకి దగ్గరగా, మధ్యలో. కెమెరాకి లెన్స్ తగిలించి ఉంటే లెన్స్ కిందికి ఉండేలా పెట్టి, బాడీ రెండు పక్కలా డివైడర్ల మీద ఆనేలా చూడండి, అప్పుడు లెన్స్ బిగించే మౌంట్ మీద భారం పడదు. రెండు గట్టి వస్తువులు ఒకదానికొకటి తగలకూడదు. నీళ్ల సీసా ఎప్పుడూ బయటి జేబులోనే. విడి బ్యాటరీల కొనలకి మూత పెట్టండి, తాళంచెవులూ చిల్లర ఉన్న జేబులో వేయకండి.

ఇంటికి రాగానే సామాను బయటికి తీయండి. బ్యాగు మోయడానికి, దాచడానికి కాదు. వానాకాలంలో ఫోమ్ తేమని పట్టి ఉంచుతుంది, చీకటీ తేమా కలిస్తే లెన్స్ లోపల ఫంగస్ మొదలవుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో రంగు మారే సిలికా జెల్ వేసి దాచండి, నీలం గులాబీ రంగులోకి మారితే మళ్లీ వేడి చేసి ఎండబెట్టాలి. బ్యాగుని తిరగేసి దులిపి, మూలలకి వాక్యూమ్ పట్టి, జిప్పు పళ్లని పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, నీడలో తెరిచి ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు మాత్రం జిప్పు మూసే ఉంచి, ఒక అరగంట ఆగి తెరవండి, అద్దం మీద ఆవిరి పట్టదు.

చివరి పని: రిటర్న్ గడువు లోపల పరీక్ష

బ్యాగు ఇంటికొచ్చిన రోజే ట్యాగులు తెంపకండి. మీ సామాను బరువెంతో రెండో పనిలో రాసుకున్నారు కదా, అంత బరువుకి బియ్యం, పప్పు ప్యాకెట్లు తూచి, పాత తువ్వాళ్లలో చుట్టి, అరల్లో సర్దండి. వేసుకుని మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. వంగి చెప్పులు వేసుకోండి, బ్యాగు తల మీదుగా ముందుకొస్తే పట్టీ సరిగా లేనట్టు. బండి మీద కాలనీ చుట్టూ, స్పీడ్ బ్రేకర్లున్న దారిలో ఒక చుట్టు వేసి రండి. తర్వాత పట్టీ దగ్గర కుట్టు సాగిందేమో, అడుగు కుంగిందేమో, ప్యాకెట్లు చోటు మారాయేమో చూడండి. మోకాలి ఎత్తు నుంచి పరుపు మీదకి కాదు, మడిచిన దుప్పటి పరిచిన గచ్చు మీదకి ఒకసారి వదిలి, ప్యాకెట్ పగిలిందేమో కూడా చూడండి. ఏ ఒక్కటి తేడాగా అనిపించినా మొహమాటపడకుండా వెనక్కి పంపించేయండి.